పదకొండు అడుగులా, పదకొండు వేలా

జిల్లా వైద్య ఆరోగ్యాధికారి గారి సముఖమునకు,

అర్జీదారు: గుండ్ల ఎల్లేశం, తండ్రి కీ.శే. లింగయ్య, వయస్సు డెబ్బై రెండు, వృత్తి శిలాఫలకములు చెక్కుట, నివాసం మదీనాగూడ, నీళ్ల ట్యాంకు వెనుక రెండు గదుల ఇల్లు.

విషయం: ఇంటివద్ద సంరక్షణ పథకం – అర్జీదారుని చేతిపట్టీ చూపిన అడుగులు అతడు నడిచినవి కావని తెలియజేయుట – నర్సు సరితపై మోపిన అభియోగమును రద్దు చేయవలెనని కోరుట – గురించి.

సూచిక: 1. దవాఖాన వారు సరితకు ఇచ్చిన నోటీసు, నకలు జతపరచడమైనది. 2. సరిత నోటుబుక్కులోని పుటలు, నకలు జతపరచడమైనది. 3. అర్జీదారుని ఎడమ తుంటి, ఎక్స్‌రే జతపరచడమైనది. అసలు అర్జీదారుని వద్దనే ఉన్నది.

అయ్యా,

1. అర్జీదారుడు ఏ బడిలోనూ చదువుకోలేదు. అక్షరాలు రాతి మీద నేర్చుకున్నాడు. పెయింటరు సుద్దముక్కతో గీసి పెడితే ఆ గీత వెంబడి ఉలి నడపడం నా పని. పిల్లలందరూ అ, ఆలతో మొదలుపెడతారు. నేను 'శ్రీ'తో మొదలుపెట్టాను, ప్రతి ఫలకానికీ నెత్తిన అదే ఉంటుంది గనుక. తరువాత 'గౌరవనీయులైన', ఆ తరువాత 'కరకమలములచే'. 'అమ్మ' అన్న మాట చెక్కే అవకాశం వచ్చేసరికి నాకు పెళ్లయి ఇద్దరు పిల్లలు. కాబట్టి ఈ అర్జీలో భాష ఎక్కడైనా గట్టిగా తగిలితే అది నా బడి గుణమని మన్నించగలరు. తమ కార్యాలయం మెట్ల పక్కనున్న ప్రారంభోత్సవ ఫలకం కూడా నా చేతి పనే. అందులో పదిహేడు పేర్లున్నాయి. చెక్కినవాడి పేరు లేదు, ఉండదు. ఇది ఫిర్యాదు కాదు, ఆనవాయితీ చెబుతున్నాను. ఈ ముక్క తరువాత పనికొస్తుంది, తమరు జ్ఞాపకం పెట్టుకోవలెను.

2. మాదాపూర్‌లో నా కోడలు సంధ్య హౌస్‌కీపింగ్ చేసే ఆఫీసు భవనానికి ఒకరోజు ఆమె మరిచిపోయిన ఫోను ఇవ్వడానికి వెళ్లాను. ఆ భవనం నిలబడిన చోట నా వయసు మనుషులు గుట్టను పగలగొట్టారు. ఆ గుట్ట మీద చెప్పుల్లేకుండా ఇరవై ఏళ్లు ఎక్కి దిగాను, ఒక్కసారీ పడలేదు. ఇప్పుడు ఆ రాతినే అద్దంలాగా నునుపు చేసి మెట్లు కట్టారు. వానకు తడిసి ఉన్నాయి. మూడో మెట్టు మీద నా ముఖం కనిపించింది; పెద్దవాడినైపోయానే అనుకుంటూ ఉండగానే పడ్డాను. ఎడమ తుంటి విరిగింది. నన్ను చేర్చిన దవాఖాన పేరు నోటీసులో ఉంది, తమరు చూసుకోగలరు. పేర్లు చెక్కడం నా వృత్తి. ఇంత అన్యాయం చేసినవారి పేరు నా చేత్తో ఊరికే రాయను.

3. ఆపరేషను బాగా చేశారు. అది ఒప్పుకోవాలి. పన్నెండో రోజు ఇంటికి పంపుతూ పథకంలో చేర్చారు. ఆ పథకం ఇదీ: చేతికొక పట్టీ, ఫోనులో ఒక యాప్, రోజూ పొద్దున ఒక రికార్డు గొంతు ఫోను, వారానికి మూడు రోజులు ఇంటికి నర్సు. ఆరు వారాలు. పట్టీ గుండె వేగం చూస్తుంది, జ్వరం చూస్తుంది, అడుగులు లెక్కపెడుతుంది. దాన్ని కట్టడానికి ఆదర్శ్ అనే టెక్నీషియన్ అబ్బాయి వచ్చాడు.

"తాతా, లెఫ్ట్ హ్యాండ్ ఇవ్వండి," అన్నాడు.

నా భార్య రాజమ్మ అడ్డం వచ్చింది. "ఎడమ చేతికేంది బాబూ? మగమనిషికి కంకణం కుడి చేతికే కడతరు."

"ఇది కంకణం కాదమ్మా, డివైస్."

"ఏదైతేంది? పాణం కాపాడనీకే గద కడుతున్నవ్? కుడికే కట్టు."

ఆ అబ్బాయి బుక్కు తీశాడు. బుక్కులో 'ఎక్కువగా వాడని చేతికి ధరించవలెను' అని ఉంది. రాజమ్మ బుక్కు చూడలేదు, అబ్బాయి ముఖం చూసింది. అతడు పట్టీని కుడి చేతికే కట్టాడు. ఆమె దానికి పసుపు, కుంకుమ బొట్టు పెట్టింది. మొత్తం వ్యవహారానికి మొదలు ఇదే. ఇందుకు రాజమ్మపై ఎలాంటి చర్య తీసుకొనరాదని మనవి. తీసుకున్నట్టయితే ఆ ఉత్తర్వును ఆమెకు అందజేసే ధైర్యం అర్జీదారునికి లేదు.

4. పొద్దున ఎనిమిదింటికి ఫోను. "నమస్కారమండీ ఎల్లేశం గారూ! ఈ రోజు మీకు ఎలా ఉందండీ? బాగుంటే ఒకటి నొక్కండి. నొప్పిగా ఉంటే రెండు నొక్కండి." ఆ గొంతు ఎంత మర్యాదగా ఉంటుందంటే, మొదటి రెండు రోజులు దానికి నేను నా సంగతంతా చెప్పాను. తుంటి సంగతి, మెట్ల సంగతి, గుట్ట సంగతి. "మీ స్పందన నమోదు కాలేదండీ," అంది. యాభై ఏళ్లుగా కాపురం చేస్తున్న రాజమ్మ కూడా నా కథలకు ఇదే జవాబు చెబుతుంది, ఇంత మర్యాదగా కాదు. మూడో రోజు నుంచి రెండు నొక్కడం మొదలుపెట్టాను.

5. సరిత గురించి. వనపర్తి వైపు ఊరు. స్కూటీ మీద నిజాంపేట హాస్టల్ నుంచి వస్తుంది. గుమ్మంలో చెప్పులు విడుస్తూనే "ఏం తాతా, లేసినవా లేకుంటే లేపాల్నా?" అంటుంది. మొదటిరోజు వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేయించింది. తరువాత ఏడు. గట్టిగా లెక్కపెడుతుంది, పక్కింటివాళ్లకు వినబడేలా. ఏడో అడుగు తరువాత కూర్చుంటానంటే, "కూసో, కానీ గోడకాడిదాక పోయి కూసో" అనేది. గోడ ఇంకో మూడడుగులు. అట్లా మోసం చేసి నన్ను పదికి తెచ్చింది. అన్నీ చిన్న నోటుబుక్కులో రాసుకునేది.

ఇక్కడ ఒక మాట న్యాయంగా చెప్పాలి. యంత్రాలంటే ఈ ముసలివాడికి గిట్టదని తమరు అనుకోకూడదు. ఇంటికొచ్చిన ఆరో రోజు నాకు ఒళ్లు కొంచెం వెచ్చబడింది. నేను పట్టించుకోలేదు, రాజమ్మ మిరియాల కషాయం కాచింది. పట్టీ పట్టించుకుంది. దవాఖానలో ఎక్కడో ఎర్రగుర్తు వెలిగింది. వెలిగిన గంటలో సరిత వచ్చి కట్టు విప్పి, కుట్ల దగ్గర చీము పట్టడం చూసి, డాక్టరుతో మాట్లాడి మందు మార్పించింది. ఆ రోజు పట్టీ లేకపోతే నా కాలు ఏమయ్యేదో. సరిత రాకపోతే పట్టీ ఎర్రగా వెలుగుతూ ఉండేది, నేను దాని వెలుగులో పోయేవాడిని.

6. ఇది రాయడం కష్టంగా ఉంది, అయినా రాస్తాను. తొమ్మిదో రోజు నుంచి నేను పని మొదలుపెట్టాను. మా బస్తీ పోచమ్మ గుడి దాతల ఫలకం సగంలో ఆగి ఉంది. నలభై ఒక్క పేర్లు. ఈ రోజుల్లో కంప్యూటరు మిషను గంటలో కోసి ఇస్తుంది, అయినా మా బస్తీ ఆడవాళ్లకు చేత్తో చెక్కిన పేరే కావాలి. బల్ల మీద రాయి పెట్టించుకుని, ఎత్తు కుర్చీలో కూర్చుని, ఎడమ చేత్తో ఉలి, కుడి చేత్తో సుత్తి పట్టాను. సరిత వచ్చే రోజుల్లో రాతి మీద దుప్పటి కప్పేవాడిని, తిడుతుందని.

ఆ సాయంత్రం ఫోను గంట కొట్టింది. "అభినందనలు! ఈ రోజు మీరు ఆరు వేల అడుగులు నడిచారు."

రాజమ్మ నన్ను పైనుంచి కిందికి చూసింది. "నిద్రల గిట్ల నడుస్తున్నవా ఏంది?"

నేను సుత్తి తీసుకుని పది దెబ్బలు వేశాను. ఫోను చూశాను. పది అడుగులు పెరిగాయి. ఇంకో పది వేశాను. ఇంకో పది. అర్థమైంది.

అయ్యా, అర్థమైన ఆ నిమిషంలోనే దవాఖానకు చెప్పవలసింది. చెప్పలేదు. కారణం ఏమంటే ఆ యాప్‌లో ఒక పట్టిక ఉంటుంది. తుంటి ఆపరేషనై ఇంటికి వెళ్లిన వృద్ధులందరిలో ఎవరెంత నడిచారో వరుసగా వేస్తారు. పని మొదలుపెట్టిన మూడో రోజుకు నేను పదకొండు వేలు దాటాను. పట్టికలో అందరికంటే పైన, ఒకటో అంకె పక్కన, 'ఎల్లేశం' అని ఉంది. యాభై ఏళ్లలో ఎన్ని వందల మంది పేర్లు పైవరుసలో చెక్కానో నాకే తెలియదు. నా పేరు ఏ వరుసలోనూ ఎప్పుడూ చూసుకోలేదు. ఫోనును కళ్లజోడు దగ్గరికి తెచ్చుకుని చాలాసేపు చూశాను. మరుసటి రోజు మరింత గట్టిగా కొట్టాను.

సరిత యాప్ చూసి అడిగింది. "తాతా, నిన్న నువ్వు నాతోని పదకొండు అడుగులు ఏసినవ్. గీడ పదకొండు వేలున్నయ్. ఈ పట్టీ ఇంకెవరన్న పెట్టుకుంటున్నరా?"

"లేదు బిడ్డా," అన్నాను. మాట వరకు నిజమే.

ఆమె నోటుబుక్కులో 'ఆసరాతో పదకొండు అడుగులు' అని రాసింది. పట్టీ తప్పు చూపిస్తున్నది, పరిశీలించగలరు అని దవాఖానకు రెండుసార్లు రాసి పంపింది. రెండుసార్లూ జవాబు రాలేదు.

7. ఈ మధ్యలో సుబ్రహ్మణ్యం గారి సంగతి. దవాఖానలో నా పక్క మంచం మీద ఉండేవారు, కాకినాడ మనిషి, బ్యాంకులో చేసి రిటైరయ్యారు. ఆయనదీ ఎడమ తుంటే. పట్టికలో రెండో పేరు ఆయనది. ఫోను చేశారు.

"ఏవండీ ఎల్లేశం గారూ, అసలు ఏం తింటున్నారండీ మీరు? నేను ప్రాణం పెట్టి నడిస్తే ఆరొందలు దాటట్లేదు. ఆ యాప్ చూస్తే పొద్దున్నే 'మొదటి స్థానం వారి కంటే మీరు చాలా వెనకబడి ఉన్నారు' అంటోందండీ!"

"జొన్నరొట్టె," అన్నాను నేను. అయ్యా, సిగ్గుతో రాస్తున్నాను, అదే మాట అన్నాను. ఆయన జొన్నరొట్టె తిని, నన్ను దాటాలని అపార్టుమెంటు వరండాలో నడిచి నడిచి, తుంటి వాచి తిరిగి దవాఖానలో చేరారు. ఆయనకు తరువాత నిజం చెప్పాను. "అయితే మీరు కూర్చుని గెలిచారా అండీ!" అన్నారు. తరువాత నవ్వారు. నవ్వితే తుంటి నొప్పి పుట్టి నన్ను తిట్టారు. సాక్ష్యానికి పిలిస్తే వస్తానన్నారు.

8. ఇరవయ్యో రోజు పొద్దున ఫోను వచ్చింది. రెండు నొక్కాను. "మీ అడుగులు చాలా బాగున్నాయండీ! మీరు పూర్తిగా కోలుకున్నారు. నర్సు సేవలు నేటితో ముగిశాయి." నేను రెండే నొక్కుతూ కూర్చున్నాను. ఫోను పెట్టేసిన తరువాత కూడా నొక్కాను.

నాలుగు రోజులకు సరిత వచ్చింది. యూనిఫాం లేదు. చేతిలో నోటీసు. నడవగల రోగిని నడవలేడని రాసి, సందర్శనలు పొడిగించుకోవడానికి ఉద్దేశపూర్వకంగా తప్పుడు నమోదులు చేసినందున విధుల నుంచి తప్పించడమైనది, ఆమె రిజిస్ట్రేషన్ రద్దుకై జిల్లా అధికారి గారికి నివేదించడమైనది అని అందులో ఉంది. ఆమె కూర్చోలేదు.

"తాతా, నిజం చెప్పు. నేను లేనప్పుడు నడుస్తున్నవా? నడిస్తే మంచిదే. నేనే తప్పు రాసిననుకుంట, పోయి గదే చెప్త."

అయ్యా, ఉద్యోగం పోయిన మనిషి నేను నడుస్తుంటే మంచిదే అంటున్నది. నేను రాతి మీది దుప్పటి తీశాను. సుత్తి పట్టుకుని కొట్టి చూపించాను. ఫోనులో అంకె పెరుగుతుంటే ఆమె చూసింది.

"నీ పేరు ఫస్టుల చూసుకోనీకి నా పేరు గీకేసినవ్ గద తాతా," అంది.

తిట్టినా బాగుండేది. వెళ్తూ వెళ్తూ వాకర్ కాళ్లకున్న రబ్బరు ఊడిపోయిందని చూసి, వంగి సరిచేసి వెళ్లింది.

9. అప్పటి నుంచి నిజం చెప్పడానికి తిరుగుతున్నాను, నేను తిరగలేను గనుక కోడలు తిరుగుతున్నది. జతపరచిన నకళ్లు సరితను అడిగి తెచ్చినదీ ఆమే. హెల్ప్‌లైనుకు చేస్తే అదే మర్యాద గొంతు. సంధ్య కౌంటరులో గొడవ పెట్టగా ఆదర్శ్‌ను ఇంటికి పంపారు.

"తాతా, డేటా అట్ల చెప్తలేదు. సిస్టంల మీరు ఫుల్ రికవర్డ్," అన్నాడు.

"నేను నీ ముందల కూసున్న గద బిడ్డా?"

"మీరు కూసున్నరు తాతా. సిస్టంల నడుస్తున్నరు."

సుత్తి పట్టి చూపించాను. అతని ముఖం తెల్లబోయింది. పట్టీ ఏ చేతికి ఉందో చూశాడు, రాజమ్మను చూశాడు. "ఇది నేను చూడలేదనుకోండి," అని వెళ్లిపోయాడు. అతని భయం నాకు తెలుసు. అతనిపై కూడా చర్య వద్దు. దవాఖాన వారు మాత్రం, తమ కార్యాలయంలో గురువారం జరగబోయే విచారణకు యంత్రం లెక్కలే చాలునని, రోగి వాంగ్మూలం అవసరం లేదని రాసి పంపారు.

10. యంత్రం లెక్కలే చాలవు, అయ్యా. రోగి ఇక్కడున్నాడు. తుంటి అతనిదే, అబద్ధమూ అతనిదే. ఆ రెండింటిలో ఏదీ సరితది కాదు. ఆమె నోటుబుక్కులో ఉన్న ప్రతి అంకె నేను నా కాళ్లతో వేసినది. ఆమె వెళ్లిన పద్దెనిమిది రోజుల్లో నేను పదకొండు నుంచి ఆరుకు పడిపోయాను. రాజమ్మకు లెక్కపెట్టడం వచ్చు గానీ గోడదాకా పంపే మోసం రాదు. పోచమ్మ గుడి ఫలకం ఆపేశాను. పట్టీ తీసి బియ్యం డబ్బా మీద పెట్టాను. ఇప్పుడు పట్టికలో అందరి కంటే కింద ఉన్నాను, అక్కడ గాలి బాగుంది.

కాబట్టి తమరిని కోరునది: గురువారం నాటి విచారణకు అర్జీదారుని సాక్షిగా పిలువవలెను. పిలువకపోయినా వస్తాడు. సరితను తిరిగి విధులలోకి తీసుకోవాలని, నోటీసు రద్దు చేయాలని ఉత్తర్వులు ఇవ్వవలెను. రోగి రెండు నొక్కినప్పుడు అవతల ఒక మనిషి ఫోను ఎత్తేటట్లు చేయవలెను. మర్యాద లేకపోయినా పరవాలేదు. నడవలేని ముసలివాళ్లకు పందెం పెట్టే ఆ పట్టికను తీసివేయించవలెను. శిక్ష వేయవలసి వస్తే అర్జీదారునికి వేయవలెను. కూర్చుని అనుభవించే శిక్షయితే ఎంతకాలమైనా సిద్ధం.

తమ కార్యాలయానికి నాలుగు మెట్లున్నాయి. ఫలకం బిగించినప్పుడు ఎక్కాను గనుక తెలుసు. చక్రాల కుర్చీ పంపవద్దు. ఆటో దిగి, వాకర్ పట్టుకుని ఆ మెట్లు ఎక్కుతాను. పక్కన సరిత నిలబడి లెక్కపెట్టాలి, గట్టిగా, తమ గదిలోకి వినబడేలా. పైకి చేరేసరికి ఆమె ఏ అంకె పలికితే ఆ అంకెనే తమ ఫైలులో రాసుకోవలెను. ఇది తమరు చిత్తగించవలెను. గురువారం దాటకుండా, వాయిదా లేకుండా చిత్తగించవలెను.

తమ విధేయుడు,
మూడు పూటలు మందులు వేసుకుంటూ, ఎవరికీ తలవంచని,
గుండ్ల ఎల్లేశం

తా.క. వాంగ్మూలం కాగితం మీద ఇస్తే ఫైలులో పోతుందని నల్లరాతి ముక్క మీద చెక్కాను. పద్నాలుగు కిలోలుంది, సుబ్రహ్మణ్యం గారి అల్లుడి కారులో వస్తుంది. చెక్కేటప్పుడు పట్టీ మళ్లీ కట్టుకున్నాను, తమకు రుజువు ఉండాలని. ఆ పూట నేను రెండు వేల నూట నలభై అడుగులు నడిచినట్టు దవాఖానలో నమోదై ఉంటుంది, తెప్పించుకుని చూడగలరు. రాతి మీద ఉన్నది ఇంతే:

శ్రీ
నడిచినది పదకొండు అడుగులు.
లెక్కపెట్టినది సరిత.
సాక్షి ఎల్లేశం.

నా పేరు చెక్కడం నాకు ఇదే మొదటిసారి. చివరి వరుసలో పెట్టాను, అక్షరాలు కాస్త వంకరపోయినవి. ఆ మాత్రం తమరు మన్నించగలరు. మిగతా మూడు వరుసలు మాత్రం నిటారుగా ఉన్నవి.